పురోలేటర్ డబ్బా

ఆ డబ్బా ఇట్ల తే అబ్బీ. పాత సామాన్ల మూటలో అదెట్ల కలిసిందో గానీ, దాన్ని అమ్మేదానికి లేదు. ఆ తుమ్మమొద్దు రవ్వంత లోపలికి తొయ్, మంట లేయనీ. మీరు గూడా దగ్గరికి జరగండి. ఈపొద్దు దీని సంగతి చెప్తా.

పైకి సూస్తే ఏముంది, తుప్పు పట్టిన ఇనప డబ్బా. జానెడు ఎత్తుంది. నడుముకు పట్టీలు బిగించిన గుర్తులు సూడు, ఆ రెండు వరసల్లో మాత్రం ఇంకా రంగు నిలిచింది. మిలిటరీ పచ్చ. మూత నడుమ ఒకే ఒక బోల్టు. ఆయిలు వచ్చే పైపు దూరేదానికి ఒక బొక్క, పోయే పైపుకు ఇంకొకటి. అట్టడుగున చిన్న బిరడా ఉందే, అది మడ్డి వంచేదానికి. ఇప్పుడు మూత మింద బొటనవేలు పెట్టి మెల్లగా తడుము. అక్షరాలు తగుల్తాండాయా? చదువు. అంతే, పురోలేటర్. రెండో ప్రపంచ యుద్ధం నాటి జీపు ఇంజనుకు కట్టిన ఆయిలు ఫిల్టరు ఇది. నా వయసు కంటే దీని వయసే ఎక్కువ.

ఇది యాడ పుట్టిందో చెప్పే ముందు ఎందుకు పుట్టిందో తెలియాల. ఇంజను తిరిగేటప్పుడు ఇనుము మింద ఇనుము రాసుకుంటాదని అనుకుంటారు శానామంది. అట్ల రాసుకుంటే ఒక్క పూట గూడా బతకదు. ఇంజను లోపల తిరిగే క్రాంకుకూ దాన్ని పట్టుకునే బేరింగుకూ నడుమ సన్నటి ఆయిలు పొర ఉంటాది. ఆ సందు రెండు తౌలో మూడు తౌలో. తౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు. నీ తలవెంట్రుక మందం దాదాపు అంతే. ఆ సందులోకి మన ఎర్రనేల దుమ్ము దూరిందనుకో, దాంట్లో ఉండే పలుగురాయి పొడి ఉక్కును గూడా గీస్తాది. బేరింగుకు పోసిన వైట్ మెటల్ మెత్తనిది, ఆ పలుకును కడుపులో పెట్టుకుంటాది. క్రాంకు తిరిగిన ప్రతిసారీ ఆ పలుకు గీకుతానే ఉంటాది. దుమ్ముతో పాటు కాలిన పెట్రోలు మసి, రింగులు అరిగిన పొడి, చలిపొద్దున లోపల కట్టే చెమ్మ, ఇవన్నీ కలిసి మడ్డి అయితాది.

నేను పిల్లోన్నప్పుడు ఊళ్లో దిగుడుబావి నీళ్లే తాగుతాంటిమి. మా అవ్వ కడవ మూతికి చీరగుడ్డ రెండు మడతలేసి కట్టి ముంచుతాండె. వడగట్టకుండా తాగినోళ్లకు ఏడాది తిరిగేసరికి కాల్లో నారికురుపు లేస్తాండె, దాంట్లోంచి మూరెడు పొడుగు పురుగు బయటికొస్తాండె. నీళ్లలో కంటికి ఆనని చిన్న పురుగులుంటాయి, వాటి కడుపులో ఉంటాది ఈ నారిపురుగు పిల్ల. గుడ్డ కట్టిన కడవలోకి అది రాలేదు. మన దేశంలో ఆ జబ్బు ఇంక లేదని 2000లో తేల్చినారు. గుడ్డ విలువ ఎరిగిన సీమ మనది. ఈ డబ్బా చేసేది గూడా ఆ గుడ్డ పనే.

ఇది పుట్టింది అమెరికాలో. అంతకు ముందు మోటార్లకు ఇట్లాంటిది ల్యా. 1908 నుంచి 1927 దాకా కోటిన్నర పైచిలుకు తయారైన ఫోర్డు మోడల్ టి కారుకు ఫిల్టరు ల్యా, ఆయిలు పంపు గూడా ల్యా. లోపల తిరిగే చక్రం ఆయిలును చిమ్మితే, ఆ చిమ్మిన తడితోనే బతకాల. రవ్వన్ని మైళ్లు తిరిగేసరికి ఆయిలు మొత్తం వంచేసి కొత్తది పోయాల్సిందే. ఆయిలు ఖర్చు ఒకెత్తు, బేరింగుల ఖర్చు ఒకెత్తు. ఎర్నెస్ట్ స్వీట్‌లాండ్ అని ఒకాయన. గనుల్లో బురద, చక్కెర మిల్లుల్లో రసం వడగట్టే పెద్ద పెద్ద ప్రెస్సులకు ఆయన పేరే ఉంది. అంత పెద్ద యంత్రంలో వడపోత ఎట్ల జరుగుతాదో ఎరిగినోడు గదా, అదే పనిని మోటారు పక్కన పట్టేంత డబ్బాలోకి తెచ్చినాడు. జార్జ్ గ్రీన్‌హాల్ష్ అని ఇంకొకాయన ఆయనతో కలిసినాడు. 1923లో ఇద్దరూ కలిసి ఈ పురోలేటర్‌ను తెచ్చినారు. లోపల పెట్టింది నేతగుడ్డే.

మరుసటేడు, 1924లో, వాల్టర్ క్రైస్లర్ తన పేరుతో మొదటి కారును తెచ్చినాడు. దానికి ఆయిలు ఫిల్టరూ పెట్టినాడు, గాలిని వడగట్టే ఎయిర్ క్లీనరూ పెట్టినాడు. ఈ రెండూ ఒకే బండికి కలిపి పెట్టినాడు సూడు, అది నాకు నచ్చిన సంగతి. దుమ్ము ఇంజనులోకి పోయేది గాలితోనే. దాన్ని వాకిట్లోనే ఆపేది ఒకటి, ఆపినా దూరినదాన్ని ఆయిల్లో పట్టేది ఇంకొకటి. 1932లో ఫ్రామ్ కంపెనీ వచ్చింది. 1939లో గాస్టోనియా అనే ఊళ్లో విక్స్ కంపెనీ వచ్చింది. ఆ గాస్టోనియా నూలుమిల్లుల ఊరంట. మన ఆదోని పత్తి మోపులు సూసినప్పుడల్లా నాకు ఆ ఊరు గుర్తొస్తాది, ఎందుకంటే అప్పట్లో శానా ఫిల్టర్ల కడుపులో దట్టించింది నూలే.

మరి ఇది కర్నూలు జిల్లాకు ఎట్ల వచ్చింది? యుద్ధం తెచ్చింది. యుద్ధం నడిచేటప్పుడు పెట్రోలుకు రేషను. బస్సుల వెనకాల ఇనప పీపా కట్టి, దాంట్లో బొగ్గు మండించి, ఆ పొగ గ్యాసుతో ఇంజను నడిపినారు. బొగ్గు బస్సు అంటాంటిరి. నల్లమల కట్టె కాలిస్తే బొగ్గుకు కరువా? నాకు మోటారు పని నేర్పిన మా ఉస్తాద్ ఆ బస్సుల మిందనే పని నేర్చుకున్యాడు. పొద్దున్నే క్లీనరు లేచి పీపా రాజేసి, చక్రం తిప్పి గాలి ఊది, గ్యాసు పట్టిందాకా కాచుకోవాల. గట్టు వస్తే జనం దిగి తోయాల. ఆ గ్యాసుతో పాటు బూడిద, తారు గూడా సిలిండర్లోకి పోతాండె. రింగులు అరిగి, ఆయిలు తారుముద్ద అయ్యి, ఇంజన్లు రీబోరుకు వస్తాండె. ఇంజను అడుగున ఆయిలు నిలిచే చాంబరు విప్పితే చేత్తో తోడాల్సి వస్తాండెనని ఉస్తాద్ చెప్తాండె.

యుద్ధం అయిపోయినాక మిలిటరీ సామాను వేలానికొచ్చింది. డిస్పోజల్ అంటాంటిరి. కెనడాలో చేసిన ఫోర్డు, షెవర్లె లారీలు, డాడ్జీలు, జీపులు. జీపులు ఒక్కటే యుద్ధంలో ఆరు లక్షలకు పైగా తయారైనాయి, విల్లీస్ వాళ్లు కొన్ని, ఫోర్డు వాళ్లు కొన్ని. మన సీమలో శానామంది లారీ ఓనర్లు లారీ ఓనర్లు అయింది ఆ డిస్పోజల్ బండ్లతోనే. నేలమ్మి కొన్నోళ్లు ఉండారు, పెండ్లాం మెడలోది పెట్టి కొన్నోళ్లు ఉండారు. ఆ బండ్లతో పాటే ఇట్లాంటి డబ్బాలు నంద్యాల షెడ్లలోకి వచ్చినాయి. అంతకు ముందు ఫిల్టరు అనేది ఉంటాదని తెలియని మేస్త్రీలు, దీన్ని విప్పి, లోపల సూసి, ఇదేం గుడ్డ పెట్టినారు అనుకున్యారంట.

1953 అక్టోబరు 1న కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయింది. టంగుటూరి ప్రకాశం పంతులు ముఖ్యమంత్రి. ఆఫీసులకు కట్టడాలు సాలక గుడారాలు వేసినారు. మద్రాసు నుంచి వచ్చిన గుమాస్తాలు మన ఎండకు, మన దుమ్ముకు అల్లాడిపోయినారని పెద్దోళ్లు చెప్తాండ్రి. రాజధాని మూడేండ్లే ఉండె, 1956 నవంబరు 1న హైదరాబాదుకు పోయె. కానీ ఆ మూడేండ్లలో కర్నూల్లో తిరిగిన జీపుల పుణ్యాన మోటారు షెడ్లకు చేతినిండా పని దొరికింది. సర్కారు జీపు అరిగి వేలానికొస్తే కొనేది మనోళ్లే. ఈ డబ్బా గూడా అట్లాంటి జీపుదే.

ఇది ఎట్ల పనిచేస్తాదో సూడండి. ఇంజనులో పంపు తోసే ఆయిలంతా దీంట్లోకి రాదు. ముఖ్యమైన ఆయిలు తిన్నగా బేరింగులకు పోతాది. పక్కనుంచి ఒక సన్న పైపు చీలి, సూది బెజ్జం అంత దోవలో, పదో వంతో అంతో ఇంతో మాత్రం ఈ డబ్బాలోకి వస్తాది. వడపోసుకుని మళ్లీ చాంబర్లో పడతాది. అట్ల తిరగ్గా తిరగ్గా మొత్తం ఆయిలు ఎప్పుడో ఒకప్పుడు దీంట్లో దూరి వస్తాది. బైపాస్ ఫిల్టరు అంటారు. దీంతో ఒక సుఖం ఉంది, ఇది మూసుకుపోయినా ఇంజనుకు ఆయిలు ఆగదు. ఒక కష్టం ఉంది, మూసుకుపోయినట్టు ఎవురికీ తెలియదు. ఏ గడియారమూ చెప్పదు. దానికి ఉస్తాద్ నేర్పిన ఉపాయం అరచెయ్యి. ఇంజను బాగా కాగినాక డబ్బా మింద అరచెయ్యి పెట్టాల. చుర్రుమంటే ఆయిలు పారుతాంది. ఇంజను కాగినా డబ్బా సల్లగా ఉంటే లోపల మడ్డి బిగుసుకుంది, మార్చాల. రోడ్డు మింద ఏ పరికరమూ లేకుండా తెలుసుకునే దారి అది. నంద్యాల నుంచి చాగలమర్రి, మైదుకూరు మీదుగా కడపకు పోయే డ్రైవర్లకు ఉస్తాద్ అదే చెప్తాండె. అన్నం తినేదానికి దిగినప్పుడు ముందు బానెట్ లేపి డబ్బా ముట్టుకో, తరవాత సంగటి ముద్ద ముట్టుకో అని.

నా మనసుకు బాగా పట్టింది ఇంకొకటి. డబ్బా లోపలి గుడ్డ ఎలిమెంటు మార్చినప్పుడు పాతదాన్ని ఉస్తాద్ ఎన్నడూ ఊరికే పారేయల్యా. నిలువునా కోసి, గుడ్డ మడతలు విప్పి, ఎండలో రేకు మింద పరుస్తాండె. మొదట ముక్కు కాడ పెట్టుకుంటాడు. పెట్రోలు వాసన కొట్టిందంటే పంపులో డయాఫ్రం చినిగి చాంబర్లోకి కారుతాందేమో సూడమంటాడు. తరవాత మడ్డిని వేళ్ల నడుమ రుద్దుతాడు. గరగరలాడితే దుమ్ము, ఎయిర్ క్లీనరు గొట్టం యాడో వదులైంది. మడ్డి లేతరంగుకు తిరిగి నురగ కట్టింటే నీళ్లు, హెడ్డు గ్యాస్కెట్ పోయిందో బ్లాకు పగిలిందో. ఆఖరుకు ఒక అయస్కాంతాన్ని కాగితంలో చుట్టి ఆ మడ్డిలో మెల్లగా తిప్పుతాడు. దానికి అంటుకుని వచ్చేది ఇనుము, అంటే రింగులో సిలిండరో అరుగుతాంది. అంటుకోకుండా రేకు మిందనే తళుక్కుమనేది వైట్ మెటల్, బేరింగు పోతాంది. పచ్చగా మెరిస్తే పిన్ను బుష్షు. ఇంజను విప్పకుండానే లోపల ఏముందో చెప్పేస్తాండె. సదువు ఏం సదివినాడని? వానాకాలం సదువు గూడా ల్యా.

ఒకసారి పత్తి సీజన్లో ఒక లారీ వచ్చింది. ఆదోనికి లోడు ఎత్తినారు, ఆయిలు మార్చుకుని పోదామని ఆగినారు అంతే. ఓనరు తొందరపడతాండాడు. ఉస్తాద్ ఎలిమెంటు కోసి సూసి, చెయ్యి కడుక్కోకుండా అట్లనే ఓనరు ముందర అరచెయ్యి సాపినాడు. మడ్డిలో తళుకులు. ఈ బండి ఆదోని సేరదు, లోడు వేరే బండికి మార్చు అన్యాడు. ఓనరు ఆ అరచేతిని సూసి మారు మాట్లాడల్యా. మోపులు దించినారు. చాంబరు విప్పితే బిగ్ ఎండ్ బేరింగు ఒకదాంట్లో వైట్ మెటల్ పెచ్చులు లేచింది. క్రాంకుకు గీత పడల్యా. అదే దోవలో పోయింటే కనెక్టింగ్ రాడ్డు బ్లాకును పగలగొట్టి బయటికొస్తాండె. ఆ రాత్రి కొలిమి ముట్టించినాం. గరిటలో వైట్ మెటల్ కరిగించి, పోత పోసి, సల్లారినాక నీలం పూసి, క్రాంకు మింద తిప్పి, నీలం అంటిన కాడల్లా స్క్రేపరుతో రవ్వరవ్వగా గీకుకుంటా తెల్లార్లూ కూర్చున్యాం. ఇప్పుడు షెల్ బేరింగులు అట్టపెట్టెలో వస్తాండాయి, పెట్టి బిగించేస్తారు. ఆ గీకే చెయ్యి ఈపొద్దు మన ఊళ్లో ఎవురికీ ల్యా.

దుమ్ము మాట కొస్తే, మన కాడ రకరకాలుంది. నంద్యాల చుట్టూ నల్లరేగడి, మెత్తగా ఎగిరి అన్నిట్లోకీ దూరుతాది. బేతంచెర్లలో నాపబండల పొడి. మంగంపేట పోతే ముగ్గురాయి పొడి. దుమ్ముకు తోడు ఎండ. కడప నుంచి రాయచోటికి పోవాలంటే గువ్వలచెరువు ఘాట్ ఎక్కాల. ఎండాకాలం మధ్యాన్నం బండల లోడుతో ఎక్కితే రేడియేటరు కుతకుతా ఉడికి, ఆయిలు నీళ్లయిపోయి, ప్రెషరు ముల్లు కిందికి పడిపోతాంది. క్లీనరు దిగి చక్రం కింద రాయి పెట్టాల, ఇంజను సల్లారిందాకా కాచుకోవాల. గువ్వలచెరువు పాలకోవాకు అంత పేరు రావడంలో ఆగిన లారీల పుణ్యం గూడా ఉందని నేను నమ్ముతా.

1954లో టాటా వాళ్లు జర్మనీ డైమ్లర్ బెంజ్ వాళ్లతో కలిసి డీజిల్ లారీలు మొదలుపెట్టినారు. బెంజి లారీ అంటాంటిమి, ముక్కు మింద చుక్క గుర్తు ఉండె. మద్రాసు కాడ అశోక్ లేలాండ్ ఎదిగింది. మద్రాసులోనే సింప్సన్ వాళ్లు పెర్కిన్స్ డీజిల్ ఇంజన్లు చేస్తాంటే, పాత పెట్రోలు లారీల్లో ఆ ఇంజన్లు దించుకున్యారు శానామంది. డీజిలు మసి ఎక్కువ, ఆయిలు తొందరగా నల్లబడతాది, కాబట్టి ఫిల్టరు లేనిదే జరగని కాలం వచ్చింది. 1958లో ఆర్టీసీ పుట్టింది. ప్రైవేటు బస్సులు ఒక్కొక్క రూటూ వదులుకోవాల్సి వచ్చింది. మన కర్నూలు జిల్లా బస్సు రూట్ల కేసే గదా సుప్రీంకోర్టు దాకా పోయి, 1964లో నీలం సంజీవరెడ్డి ముఖ్యమంత్రి కుర్చీ దిగిపోయేదానికి దారి తీసింది. ఆ రోజుల్లో బస్సు రూటంటే అంత రాజకీయం. ఆర్టీసీ వచ్చినాక ఒక మంచి జరిగింది, డిపోలో ఇన్ని కిలోమీటర్లకు ఆయిలు, ఇన్ని కిలోమీటర్లకు ఫిల్టరు అని పుస్తకం పెట్టి రాసి మార్చేది అలవాటైంది. ప్రైవేటోళ్లు డబ్బులున్నప్పుడు మార్చేవాళ్లు.

ఆ నడుమ డిటర్జెంటు ఆయిలు వచ్చింది. అంతకు ముందు ఆయిలు మసిని అడుక్కు దించి కూర్చోబెడతాండె. కొత్త ఆయిలు మసిని తనలోనే తేలేసుకుని తిరుగుతాది, అందుకే బిరీన నల్లబడతాది. నల్లబడిందని జనం భయపడినారు, ఇది కల్తీ ఆయిలని తిట్టినారు. నల్లబడడమే దాని మంచితనం. కానీ ఏండ్ల తరబడి మడ్డి కట్టిన పాత ఇంజన్లో కడగకుండా దాన్ని పోస్తే, పేరుకున్న మడ్డి ఒక్కసారిగా ఊడి ఆయిలు దోవలు మూసేస్తాది. ఉస్తాద్ ముందు చాంబరు దించి, కిరసనాయిలుతో కడిగి, ఫిల్టరు కొత్తది వేసి, అప్పుడు పోస్తాండె. కొన్నాళ్లు తిరిగినాక మళ్లీ ఫిల్టరు మార్చాల అంటాండె.

గుడ్డ పోయి, నూలు పోయి, మడతల కాగితం వచ్చింది. రెజిన్ తాపిన కాగితం, ఆయిల్లో నానినా చినగదు. పక్కదోవ డబ్బాలు పోయి, ఆయిలంతా ఫిల్టరులోంచే పోయే ఫుల్ ఫ్లో వచ్చింది. అది మూసుకుపోతే ఒక చిన్న వాల్వు తెరుచుకుని వడగట్టని ఆయిలునైనా ఇంజనుకు ఇస్తాది, ఆకలితో సంపదు. ఇప్పుడు శానా బండ్లకు మరతో తిప్పి బిగించే మూతలేని డబ్బాలే. పనితనంలో ఇప్పటివే మేలు, దాంట్లో నాకు అనుమానం ల్యా. పాతది కాబట్టి గొప్పదని నేను చెప్పను. ఈ పురోలేటర్ డబ్బా ఆపగలిగిన దానికంటే సన్నని పలుకును ఇప్పటి కాగితం ఆపుతాది, అదీ ఆయిలంతటినీ వడగట్టి.

కానీ మోసం గూడా దాంతోనే వచ్చింది. మూత విప్పే దారి ల్యాకపోయేసరికి లోపల ఏముందో కొన్నోనికి తెలియదు. ఒక అంగట్లో అసలు కంపెనీ పేరు అచ్చేసి అమ్మిన డబ్బాను నేను కోసి సూసినా. కాగితం మడతలు ఉండాల్సిన వాటిలో సగం గూడా ల్యా, వాల్వు కాడ ఉత్త రేకుముక్క. నాకు ఒళ్లు మండిపోయింది. దాన్ని నమ్మి ట్రాక్టరుకు బిగించుకునేది ఎవురు? అప్పు తెచ్చి ట్రాక్టరు కొన్న రైతు. వాని ఇంజను నడిజాములో నల్లరేగట్లో నిలబడిపోతే వాని సేద్యం నిలబడిపోయినట్టే.

అందుకే మీకు చెప్పేది. నీది మోటారు సైకిలైనా, మీ నాయన ట్రాక్టరైనా, ఆయిలు మార్చినప్పుడు ఫిల్టరు గూడా మార్చండి, బిల్లు ఇచ్చే అంగట్లోనే కొనండి. పాతదాన్ని ఒక్కసారైనా కోసి, రేకు మింద పరిచి, అయస్కాంతం తిప్పి సూడండి, అది ఎవురైనా నేర్చుకోగలిగిన పని. మీ ఊళ్లో పాత మేస్త్రీ ఎవురైనా ఇంకా ఉంటే పోయి కూర్చుని అడగండి, వాళ్లు చెప్పేది ఏ పుస్తకంలోనూ రాసుండదు. ఇంకొక్క మాట. వంచిన కాలినాయిలును షెడ్డు వెనక వంకలో పోయొద్దు, పీపాలో పట్టి కొనేవాళ్లకు ఇయ్యండి. మన వంక పోయి పడేది కుందూలో, కుందూ పోయి కలిసేది కమలాపురం కాడ పెన్నలో.